ఒక్క టికెట్టు, ఏడు సీట్లు: అరకు 2024 మైదాన ఆదివాసీలకు చెప్పే పాఠం

(గుంటూరులో ఆదివాసీ యువజనుల రాజకీయ శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగం పాఠం)

 

నాకిచ్చిన అంశం: ఒక పార్టీ వివాదాల్లో ఉన్న మనిషికి టికెట్ ఇస్తే ఆ చుట్టుపక్కల ఎమ్మెల్యే పోటీలు ఎట్లా మారతాయి? ముందే ఒక అన్న అడిగాడు, "మనకెందుకు తమ్ముడూ ఆ లెక్కలు, గుంటూరు, ప్రకాశంలో మనకు ఒక్క ఎస్టీ సీటు కూడా లేదు కదా" అని. నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 175 అసెంబ్లీ సీట్లుంటే ఎస్టీలకు 7. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం, పోలవరం. అన్నీ ఏజెన్సీ వైపే. ఇక్కడ మనం యానాదులం, ఎరుకలోళ్లం, సుగాలీలం, నల్లమల అంచున చెంచులం. ఊరికి పది ఇళ్లు, ఇరవై ఇళ్లు. జనరల్ సీట్లలో, ఎస్సీ సీట్లలో చెల్లాచెదురుగా ఓటేస్తాం.

కానీ ఒకటి గమనించండి. ఆ ఏడు సీట్లకు అభ్యర్థుల పేర్లు పాడేరులో తేలవు, సాలూరులో తేలవు. ఇక్కడ, మన పక్కనే తేలతాయి. తాడేపల్లిలో ఒక పార్టీ ఆఫీసు, మంగళగిరిలో రెండు పార్టీల ఆఫీసులు. టికెట్ కోసం ఏజెన్సీ నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన మన అన్నలు ఈ హైవే పక్కనే కండువాలు వేసుకుని నిలబడతారు. పేరు తేలే చోటికి దగ్గర్లో ఉన్న ఆదివాసీలం మనమే. అందుకే ఈ లెక్క మనకూ కావాలి.

ఇక అరకు సంగతికి వస్తా.

2024లో అరకు లోక్‌సభ సీటు పొత్తులో బీజేపీకి వెళ్లింది. బీజేపీ కొత్తపల్లి గీత గారికి టికెట్ ఇచ్చింది. ఆమె కొత్త మనిషి కాదు. 2014లో ఇదే సీటు నుంచి వైసీపీ తరఫున ఎంపీగా గెలిచారు. అప్పుడు ఆమె మీద ఓడింది టీడీపీ అభ్యర్థి గుమ్మిడి సంధ్యారాణి గారు. గెలిచిన కొద్ది కాలానికే గీత గారు వైసీపీకి దూరమయ్యారు, తర్వాత సొంత పార్టీ పెట్టారు, చివరికి బీజేపీలోకి వచ్చారు. ఆమె ఎస్టీ హోదా మీద ఆదివాసీ సంఘాలు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్తూ వచ్చాయి, ఆమె ఆ ఆరోపణను ఖండిస్తూ వచ్చారు. 2022 సెప్టెంబరులో బ్యాంకు రుణం కేసులో హైదరాబాద్ సీబీఐ కోర్టు ఆమెకు ఐదేళ్ల శిక్ష వేసింది. ఆమె హైకోర్టుకు వెళ్లారు, అక్కడ ఊరట దొరికింది, పోటీకి అడ్డం తొలగింది. చట్టం ప్రకారం ఆమె పోటీ చేయొచ్చు, చేశారు. ఇక్కడ మనం ఆమె దోషి అవునా కాదా అని తేల్చడం లేదు. అది కోర్టు పని. మన ప్రశ్న వేరే. ఇన్ని ప్రశ్నలు వెనకేసుకుని ఉన్న అభ్యర్థిని నిలబెడితే, అదే జెండా కింద ఎమ్మెల్యేకి నిలబడిన మిగతా ఏడుగురి సంగతి ఏంటి?

అరకు లోక్‌సభ కింద ఏడు అసెంబ్లీ సీట్లు: పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం. ఇందులో పార్వతీపురం ఎస్సీ సీటు, మిగతా ఆరు ఎస్టీ. మే 13న ఓట్లేశాం, జూన్ 4న లెక్కపెట్టారు. రాష్ట్రమంతా కూటమి గాలి. 175లో 164 వాళ్లకే. వైసీపీకి మిగిలింది 11.

అరకు లోక్‌సభలో మాత్రం వైసీపీ అభ్యర్థి గుమ్మా తనూజా రాణి గారు 50 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. మరి అదే ఓటర్లు, అదే రోజు, అదే పోలింగ్ బూత్‌లో ఎమ్మెల్యేకి ఎవరికి వేశారు? పాలకొండలో జనసేన నిమ్మక జయకృష్ణ, కురుపాంలో టీడీపీ తోయక జగదీశ్వరి, పార్వతీపురంలో బోనెల విజయచంద్ర, సాలూరులో గుమ్మిడి సంధ్యారాణి, రంపచోడవరంలో మిరియాల శిరీషాదేవి గెలిచారు. ఏడింట్లో ఐదు కూటమికే. అరకులోయ, పాడేరు మాత్రమే వైసీపీకి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఏడు అసెంబ్లీ సీట్ల మెజారిటీలూ కలిపి చూస్తే కూటమే ముందుంది. ఎంపీ ఓటు దగ్గరికొచ్చేసరికి 50 వేలు వెనకబడింది. అంటే బూత్‌లో రెండు మిషన్లు పక్కపక్కనే ఉంటే, వేల మంది మన ఆదివాసీలు ఒకదాని మీద ఒక గుర్తు, రెండోదాని మీద ఇంకో గుర్తు నొక్కారు. "చదువు రానోళ్లు, గుర్తు చూసి గుద్దేస్తారు" అని మన గురించి టీవీల్లో కూర్చుని మాట్లాడేవాళ్లకు ఇదే సమాధానం. మన్యంలో ముసలవ్వ కూడా మనిషిని చూసి వేరుచేసి వేసింది.

అయితే ఇంకో సంగతి కూడా చూడాలి. ఓడిన ఆ రెండు ఎమ్మెల్యే సీట్లలో ఏం జరిగింది?

అరకులోయలో సియ్యారి దొన్నుదొర ఉన్నారు. 2019లో ఏ పార్టీ లేకుండా ఇండిపెండెంట్‌గా నిలబడి రెండో స్థానంలో వచ్చారు. అప్పుడు టీడీపీ అభ్యర్థి మూడో స్థానానికి పడిపోయారు. అంటే పార్టీ కంటే మనిషికే ఎక్కువ ఓట్లొచ్చిన చోటు అది. ఆయన్ని టీడీపీ చేర్చుకుంది. 2024 జనవరిలో అరకు సభలో ఆయనే అభ్యర్థి అని చంద్రబాబు గారు ప్రకటించారు. రెండు నెలలు తిరగకముందే పొత్తు కుదిరింది, సీటు బీజేపీకి పోయింది, అభ్యర్థిగా పాంగి రాజారావు వచ్చారు. ఫలితం 31 వేలకు పైగా తేడాతో ఓటమి.

పాడేరులో టీడీపీ మొదట కిల్లు వెంకట రమేష్ నాయుడు పేరు ప్రకటించింది. ఏప్రిల్‌లో, నామినేషన్లు నడుస్తుండగా పేరు మార్చి గిడ్డి ఈశ్వరి గారికి బీ ఫారం ఇచ్చింది. ఆమె 2014లో వైసీపీ ఎమ్మెల్యేగా గెలిచి తర్వాత టీడీపీలోకి వెళ్లినవారు, 2019లో అదే సీటులో ఓడినవారు. ఫలితం 19 వేలకు పైగా తేడాతో ఓటమి.

పైన ఎంపీ అభ్యర్థి మీద వివాదం ఏడు సీట్లకూ ఒకటే. కానీ ఎమ్మెల్యే సీటు పోయింది మాత్రం ఎక్కడ? ప్రకటించిన మనిషిని మధ్యలో మార్చిన ఆ రెండు చోట్లే. మిగతా ఐదు చోట్ల ఎమ్మెల్యే అభ్యర్థికి తన సొంత నిలబాటు ఉంది. రంపచోడవరంలో శిరీషాదేవి అంగన్‌వాడీలో పనిచేసిన మనిషి. ఆమెను జనం పార్టీ జెండా రాకముందు నుంచే చూశారు. పైనున్న బరువును కింద మనిషి మోయగలిగితే సీటు నిలబడింది. కింద కూడా కాలు జారితే రెండూ పోయాయి.

అదే సమయంలో వైసీపీ ఏం చేసిందో చూడండి. వాళ్లు కూడా మొదట తప్పటడుగే వేశారు. జనవరిలో అరకులోయకి గొడ్డేటి మాధవి గారిని ఇన్‌ఛార్జిగా పెట్టారు. "స్థానికురాలు కాదు" అని సొంత పార్టీవాళ్లే రోడ్డెక్కారు. నెల తిరగకుండానే మార్చి రేగం మత్స్యలింగం గారిని పెట్టారు. సిట్టింగ్ ఎమ్మెల్యే చెట్టి ఫాల్గుణకు టికెట్ లేదు, కానీ ఎంపీ టికెట్ ఆయన కోడలు తనూజా రాణికి వెళ్లింది. దాన్ని కుటుంబ రాజకీయం అని విమర్శించొచ్చు, నేనూ విమర్శిస్తా. కానీ అలిగినవాళ్ల వర్గాన్ని వాళ్లు బయటికి పోనివ్వలేదు. ఒక పార్టీ జనవరిలో విన్నది, ఇంకో పార్టీ ఏప్రిల్లో మార్చింది. తేడా అక్కడే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. వివాదం ఉన్న అభ్యర్థి పక్క సీట్లను ఎట్లా దెబ్బతీస్తాడు? అరకు చూశాక నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, కార్యకర్త టైము తినేస్తాడు. ఊళ్లోకి వెళ్లిన కార్యకర్త రోడ్డు గురించి, డోలీ మోతల గురించి, ఎదుటి పార్టీ చేసిన తప్పుల గురించి మాట్లాడాలి. దానికి బదులు "మా ఎంపీ అభ్యర్థి మీద కేసు అట్లాంటిది కాదు అన్నా" అని సంజాయిషీ ఇచ్చుకుంటూ కూర్చుంటాడు. పది నిమిషాలు దొరికిన చోట ఎనిమిది నిమిషాలు అదే.

రెండు, చేతిలో ఉన్న ఆయుధం లాగేసుకుంటాడు. ఇది చాలా ముఖ్యం. 2023 మార్చిలో బోయ, వాల్మీకులను ఎస్టీ జాబితాలో చేర్చాలని అసెంబ్లీలో తీర్మానం చేసింది వైసీపీ ప్రభుత్వమే. మన్యం మండిపోయింది, బంద్‌లు జరిగాయి. జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేశాక మన టీచర్ పోస్టులు పోయాయన్న కోపం కూడా ఆ ప్రభుత్వం మీదే ఉంది. అంటే ఆదివాసీ హక్కుల మీద వైసీపీని నిలదీయడానికి కూటమికి అంతకంటే మంచి సమయం లేదు. కానీ "ఎస్టీ జాబితాలోకి ఎవరు రావాలి, ఎవరు రాకూడదు" అనే ప్రశ్న వేదిక మీద ఎత్తగానే జనం వాళ్ల అభ్యర్థి వైపే చూస్తారు. ఆ ప్రశ్న ఎత్తలేక వదిలేశారు. నష్టపోయింది ఎవరు? పార్టీ ఒక ఎంపీ సీటు నష్టపోయింది. మనం మాత్రం మన ప్రధాన సమస్య ఎన్నికల్లో చర్చకు రాకుండా నష్టపోయాం. ఈ రెండో నష్టం గురించి ఎవరూ రాయరు.

మూడు, పొత్తులో ఉన్న పార్టీల మధ్య దూరం పెంచుతాడు. ఎమ్మెల్యే అభ్యర్థి తన ఓటు కాపాడుకోవాలి కాబట్టి "ఎంపీ సంగతి మీ ఇష్టం, నా గుర్తు మాత్రం మర్చిపోకండి" అనే పరిస్థితి వస్తుంది. ఎవరి ప్రచారం వాళ్లదే అవుతుంది.

అయితే అంతా అభ్యర్థి మీదే నెట్టేయడం కూడా సరికాదు. అరకు లోక్‌సభ 2014లోనూ, 2019లోనూ వైసీపీదే. వరసగా మూడోసారి అది. అటవీ చట్టాల మార్పులు, ఉమ్మడి పౌరస్మృతి మాట వల్ల బీజేపీ గుర్తు మీదే మన్యంలో భయం ఉంది. అభ్యర్థి ఎవరైనా కొంత నష్టం ఉండేదే. సీపీఎం నుంచి పాచిపెంట అప్పలనర్స గారికి లక్షకు పైగా ఓట్లొచ్చాయి. నోటాకు 50 వేల దాకా పడ్డాయి, అంటే గెలుపు తేడాకు దాదాపు సమానం. కానీ 2019లోనూ అరకులో నోటా 47 వేలు దాటింది. కాబట్టి "నోటా అంతా ఆ టికెట్ మీద కోపమే" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. అక్కడ నోటా పాత కోపం, ఏ పార్టీ తీర్చని కోపం. మనం వాదించేటప్పుడు లెక్క సరిగ్గా చెప్పాలి. లెక్క తప్పితే ఎదుటివాడు మన మాట మొత్తం కొట్టిపారేస్తాడు.

ఇది మన దగ్గరే కాదు. అదే 2024లో అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో రిపబ్లికన్ పార్టీ గవర్నర్ పదవికి మార్క్ రాబిన్సన్ అనే ఆయన్ని నిలబెట్టింది. ఆయన పాత రాతల మీద ఎన్నికల ముందు పెద్ద దుమారం రేగింది, అవి తనవి కావన్నాడు. అధ్యక్ష ఎన్నికలో ఆ రాష్ట్రం ట్రంప్‌కే వేసింది, గవర్నర్ దగ్గర మాత్రం రాబిన్సన్ చిత్తుగా ఓడాడు. ఆ పార్టీ రాష్ట్ర చట్టసభల్లో మెజారిటీ నిలుపుకుంది, కానీ దిగువ సభలో గవర్నర్ వీటోను సొంతంగా దాటేసేంత బలం ఒకే ఒక్క సీటుతో పోయింది. అరకులో లాగానే అక్కడా జనం వేరుచేసి వేశారు. అక్కడా కింద సొంత బలం ఉన్నవాళ్లు బతికారు, అంచున ఉన్నవాళ్లు జారారు. ఒక్క సీటు చాలు, చట్టం ఎవరి చేతిలో ఉంటుందో మారిపోతుంది.

ఇప్పుడు మన మైదానానికి వస్తా. 2024లో ఇక్కడ కూడా టికెట్ల ఆట నడిచింది. మంగళగిరిలో 2023 డిసెంబరులో సిట్టింగ్ ఎమ్మెల్యే ఆళ్ల రామకృష్ణారెడ్డి రాజీనామా చేశారు. వైసీపీ గంజి చిరంజీవిని ఇన్‌ఛార్జిగా పెట్టింది, తర్వాత ఆయన్నీ మార్చి మురుగుడు లావణ్యను నిలబెట్టింది. 2019లో అక్కడ 5 వేల చిల్లర ఓట్లతో ఓడిన లోకేష్ గారు 2024లో 91 వేలకు పైగా తేడాతో గెలిచారు. ఆ తేడా అంతా టికెట్ వల్లే అనను, గాలి ఉంది. కానీ సొంత ఇంట్లోనే మూడు నెలల్లో ముగ్గురి పేర్లు తిరిగితే కార్యకర్త ఎవరి కోసం తిరుగుతాడు?

2024 నాటి ప్రకాశం జిల్లాలో దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. యర్రగొండపాలెం ఎస్సీ సీటు, మన చెంచు గూడేలున్న నల్లమల అంచు. మంత్రి ఆదిమూలపు సురేష్‌ను అక్కడి నుంచి కొండపికి మార్చారు. యర్రగొండపాలెంలో కొత్తగా వచ్చిన తాటిపర్తి చంద్రశేఖర్ అంత గాలిలోనూ గెలిచారు. కొండపికి వెళ్లిన మంత్రి ఓడిపోయారు. కాబట్టి అభ్యర్థిని మార్చడం ఎప్పుడూ తప్పని కాదు. ఎందుకు మారుస్తున్నారు, ఎవరిని అడిగి మారుస్తున్నారు, ఎంత ముందు మారుస్తున్నారు అన్నదే లెక్క. ఇక అదే జిల్లాలో దర్శి చూడండి. అక్కడ గెలుపు తేడా రెండున్నర వేలు. ఊరికి పది, ఇరవై ఇళ్ల మనం అన్ని మండలాల్లో కలిస్తే ఎన్ని ఓట్లవుతామో మీరే లెక్కేసుకోండి. పెద్ద కులాలు రెండుగా చీలిన చోట, వివాదపు అభ్యర్థి వల్ల పోటీ దగ్గరైన చోట, చెల్లాచెదురుగా ఉన్న మన ఓటుకే విలువ పెరుగుతుంది.

మిర్చి యార్డు తెలిసినోళ్లం కదా మనం. బస్తా విప్పి, కాయ చేతిలోకి తీసి చూడకుండా ఏ వ్యాపారీ ధర చెప్పడు. తాలు కాయను తేజ పక్కన కలిపి పెడితే లాటు మొత్తానికి ధర పడిపోతుంది. టికెట్టూ అంతే. మనం కోసిన కాయను అంత పరీక్ష చేసేవాళ్లు మన నెత్తిన పెట్టే నాయకుణ్ణి మనం చూడకుండా ఒప్పుకోమంటే ఎట్లా?

మరి ఏం చేయాలి? చట్టం మనకు కొన్ని తలుపులు తెరిచి పెట్టింది.

మొదటిది, 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది: క్రిమినల్ కేసులున్న మనిషికి టికెట్ ఇస్తే, ఆ కేసుల వివరాలు, అతన్నే ఎందుకు ఎంచుకున్నారో కారణం పార్టీ బయటపెట్టాలి. "గెలుస్తాడు కాబట్టి" అన్నది కారణం కాకూడదు. ఎంపిక చేసిన 48 గంటల్లో స్థానిక పత్రికలో, జాతీయ పత్రికలో, పార్టీ సోషల్ మీడియా పేజీలో వేయాలి. అది వేశారా లేదా అని చూసే పని మనది. వేయకపోతే ఎన్నికల సంఘానికి రాయండి.

రెండోది, ఫారం 26 అఫిడవిట్. కేసులు, ఆస్తులు, అప్పులు అన్నీ అందులో ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో, యాప్‌లో ఎవరైనా చూడొచ్చు. మన కాలనీల్లో ఫోన్ ఉన్న ప్రతి పిల్లవాడూ అది దించి అమ్మకు, నాన్నకు చదివి వినిపించాలి.

మూడోది, ఎస్టీ సర్టిఫికెట్. 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం కింద ఎవరైనా రాతపూర్వకంగా కలెక్టరుకు ఫిర్యాదు చేయొచ్చు. కానీ నామినేషన్ వేశాక చేద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది. పరిశీలన రోజున రిటర్నింగ్ అధికారి గదిలోకి అభ్యర్థులు, వాళ్ల తరఫువాళ్లకే ప్రవేశం. ఎన్నికయ్యాక 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ వేయొచ్చు, నిజమే. కానీ నాగూరు ఎస్టీ సీటు కేసు గుర్తుందా? 1999 ఎన్నిక మీద వేసిన ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2005లో వచ్చింది. అప్పటికి ఆ అసెంబ్లీ కాలం అయిపోయి, ఇంకో ఎన్నిక కూడా జరిగిపోయింది. కోర్టును నమ్ముదాం, కానీ కోర్టు కోసమే ఆగితే ఐదేళ్లు పోతాయి. ప్రశ్న టికెట్ ఇవ్వకముందే అడగాలి.

అందుకే నా ప్రతిపాదన ఇది. 2021లో గెలిచిన సర్పంచులు, ఎంపీటీసీలు, జడ్పీటీసీలది ఐదేళ్ల కాలం. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తు లేదు, ఎంపీటీసీ, జడ్పీటీసీలకు ఉంది. అక్కడి నుంచే మొదలుపెడదాం. ప్రతి మండలంలో మన యువకులు ఐదుగురు కూర్చుని, పోటీ చేస్తామంటున్న ప్రతి మనిషి గురించి ఒక పేజీ రాయండి. ఏ ఊరు, ఏం పని చేశాడు, కేసులున్నాయా, సర్టిఫికెట్ సరైనదేనా, మన కాలనీకి స్మశానం కావాలన్నప్పుడు, ఆధార్ లేని యానాది పిల్లల్ని బడిలో చేర్చుకోనన్నప్పుడు వచ్చి నిలబడ్డాడా. రాసిన పేజీ పట్టుకుని పార్టీ ఆఫీసులకు వెళ్దాం. మన్యం నుంచి మన వాళ్లు రాత్రంతా ప్రయాణం చేసి వస్తారు, మనం ఆటోలో వెళ్లొచ్చు. వాళ్ల పేజీలు కూడా మనమే పట్టుకెళ్లి ఇద్దాం. మన్యం ఆదివాసీ, మైదాన ఆదివాసీ అని రెండుగా ఉండాల్సిన అవసరం లేదు. సీట్లు వాళ్ల దగ్గర ఉన్నాయి, ఆఫీసులు మన దగ్గర ఉన్నాయి.

ఒక హెచ్చరిక కూడా. వివాదం ఉన్నవాడు ఓడిపోతే మనం గెలిచినట్టు కాదు. అరకులో ఒకరు ఓడారు, ఇంకొకరు గెలిచారు. జీవో 3 స్థానంలో కొత్త రక్షణ రాలేదు. గెలిచిన తనూజా రాణి గారిని అదే ప్రశ్న అడగాలి. ఎమ్మెల్యేగా గెలిచి గిరిజన సంక్షేమ మంత్రి అయిన సంధ్యారాణి గారినీ అదే ప్రశ్న అడగాలి. టికెట్ ఇచ్చేటప్పుడు ఎంత గట్టిగా అడుగుతామో, గెలిచాక అంతే గట్టిగా అడగాలి.

మా పెద్దమ్మ ఓటు వేసేముందు ఒకటే అడుగుతుంది: "ఈ అయ్య మన ఇంటి ముందుకొస్తే మంచం మీద కూర్చుంటాడా, నిలబడే పోతాడా?" ఆమెకు అఫిడవిట్ తెలియదు, ఫారం 26 తెలియదు. మనకు తెలుసు. ఆమె ప్రశ్నను, మనకు తెలిసిన కాగితాన్ని కలిపి పట్టుకెళ్దాం.

పేజీలు రాయడం ఈ వారమే మొదలుపెట్టండి. మండలానికి ఐదుగురి పేర్లు బయట టేబుల్ దగ్గర రాయించి వెళ్లండి.

జై ఆదివాసీ! జోహార్!